మా గోడ మూడడుగులే

మా తోడల్లుడి ఇంట్లో ఆరడుగుల అక్వేరియం వెలిసినప్పటి నుంచి నాకు కడుపులో మంట. డాక్టరుగారు గ్యాస్ అన్నారు. పరగడుపున వేసుకోమని మాత్రలు రాశారు. వేసుకున్నాను. గ్యాస్ తగ్గింది గానీ అక్వేరియం ఒక్క అంగుళం కూడా తగ్గలేదు.

తోడల్లుడంటే మా ఆవిడ చెల్లెలి భర్త. గుడివాడలో టైల్సు దుకాణం నడుపుతాడు. నాకన్నా తొమ్మిదేళ్ళు చిన్న. నేను బందరులో హైస్కూలు లెక్కల మాస్టార్ని. ఇద్దరి అత్తవారిల్లూ అవనిగడ్డ. అతను రాకముందు ఆరేళ్ళపాటు దివిసీమ మొత్తానికీ నేనొక్కణ్ణే అల్లుణ్ణన్నట్టు వెలిగాను. చేపల పులుసు వండిన రోజు తలకాయ ముక్క అడక్కుండానే నా కంచంలో పడేది. అతనికి పెళ్ళైన మొదటి ఏడాది మా అత్తగారు గరిటెతో నా కంచం దాకా వచ్చి, ఒక్క క్షణం ఆగి, "పెద్దల్లుడుగారికి పళ్ళు బాగోలేవంటగా, మెత్తటి ముక్క వేస్తాలెండి" అని తలకాయని పక్క కంచంలోకి దాటించేశారు. నా కింది దవడలో రెండు పళ్ళు కట్టుడువి. ఆ రహస్యాన్ని అవనిగడ్డ దాకా ఎవరు మోశారో అడగక్కర్లేదు. మా ఆవిడ తలొంచుకుని పెరుగన్నం కలుపుకుంటోంది.

కుళ్ళుకోవడానికైనా ఎదుటి మనిషి కాస్త సహకరించాలి. అతనిలో ఒక్క చెడ్డ గుణం ఉన్నా నా పని సులువయ్యేది. తాగడు, గొప్పలు చెప్పడు, నన్ను చూడగానే లేచి నిలబడి "రండి అన్నయ్యగారూ" అంటాడు. ఓసారి పామర్రు దగ్గర నా స్కూటర్ ఆగిపోతే గుడివాడ నుంచి మెకానిక్‌ని పంపించాడు. అలాంటివాణ్ణి ద్వేషించాలంటే ఎంత కష్టపడాలో పడ్డవాడికే తెలుస్తుంది.

ఆ అక్వేరియం విషయంలో కూడా నాకు పట్టు దొరకనివ్వలేదు. తొట్టి తెచ్చి, నీళ్ళు పోసి, నెల రోజులు చేప లేకుండా ఉత్తి నీళ్ళే తిప్పాడు. ఇదే అదను అనుకున్నాను.

"ఏం తమ్ముడుగారూ, చేప కనపడదే? కొత్త కదా, సిగ్గుపడుతోందా?"

"నీళ్ళు కుదురుకోవాలండీ" అన్నాడు, నా జోకుని జాగ్రత్తగా పక్కన పెట్టి. "వచ్చేది అరోవానా. ఇప్పుడు జానెడే ఉంటుంది గానీ పెద్దయ్యాక రెండడుగులు దాటుద్దంట. ఉన్న చేపని కాదన్నయ్యగారూ, అవబోయే చేపని కొలవాలి. ఈ ఆరడుగులూ ఏడాదికే. తర్వాత ఎనిమిదడుగుల్ది చేయిస్తాను."

కొనని చేపకి కొలతలు తీసినవాణ్ణి మా జిల్లాలో అతన్నే చూశాను.

చేప వచ్చింది. వెండి కత్తిలా ఉంది. మా అత్తగారు దాన్ని చూడ్డానికి అవనిగడ్డలో బస్సెక్కి, మా బందరు వైపు కన్నెత్తి చూడకుండా, పామర్రు మీదుగా గుడివాడ వెళ్ళిపోయారు. ఫోనులో మా ఆవిడతో, "మన చిన్నల్లుడుగారు చెయ్యి పెడితే ఆ చేప వచ్చి వాసన చూస్తందే!" అన్నారు. స్పీకర్ ఆన్‌లో ఉంది. మా ఇంట్లో నాకు వినిపించాల్సిన మాటలు ఎప్పుడూ స్పీకర్‌లోనే వస్తాయి.

ఇక ఆగలేకపోయాను. అసలు చేపలంటే ఎవరివి? ఊరి పేరులోనే చేపని మోస్తున్న మచిలీపట్నం వాణ్ణి. మా తాతలు సముద్రం మీద వేటకెళ్ళినవాళ్ళు. మా నాన్న ఒడ్డుకొచ్చి కృత్తివెన్ను దగ్గర చెరువుల్లో చేపపిల్లలు పెంచాడు. ఆ చెరువులు ఇప్పుడు మా చిన్నాన్న చేతిలో ఉన్నాయి. టైల్సు అమ్ముకునేవాళ్ళు మాకు చేపల గురించి చెప్పడమా?

ఆ ఆదివారమే కృత్తివెన్ను వెళ్ళి చిన్నాన్న చెరువులోంచి ఒక రూప్‌చంద్ పిల్లని అడిగి తెచ్చాను. రూపాయి బిళ్ళంత ఉంది. పొట్ట కింద ఎర్రగా, ఒళ్ళంతా మెరుస్తూ. రూప్‌చంద్ అంటే మా వైపు అందరూ తినే చేపే. కానీ పట్నాల్లో ఇదే పిల్లని ఇంగ్లీషు పేరు పెట్టి గాజు పెట్టెల్లో అమ్ముతారని ఎక్కడో విన్నాను. దాన్ని పాలిథిన్ సంచిలో పెట్టుకుని సరాసరి బందరులో అక్వేరియాల షాపుకి వెళ్ళాను.

షాపతను సంచి పైకెత్తి చూశాడు. "దీనికా మాస్టారూ? ఇది రూప్‌చందండీ. అడుగున్నర పెరుగుద్ది. ఐదడుగుల కన్నా తక్కువ తీసుకోకండి. వెడల్పు కూడా రెండడుగులుండాలి."

"మూడడుగుల్ది చాలు" అన్నాను.

"పొడుగు కాదు మాస్టారూ, ముందు వెడల్పు చూడాలి. పల్లెటూరి చివర బస్సు తిప్పుకోవాలంటే జాగా కావాలి గదా? అడుగు వెడల్పులో అడుగు చేప ఎట్టా తిరుగుద్ది?"

"అడుగు పెరిగితే గదా" అని నవ్వాను. ఆ నవ్వు మా నాన్న నుంచి వచ్చింది.

ఆ నవ్వు వెనక మా చెరువుల వాళ్ళ పద్ధతి ఒకటుంది. చేపపిల్లల్ని తేగానే పెద్ద చెరువులో వదలరు. ఏడాదిపాటు చిన్న చెరువులో కిక్కిరిసేలా ఉంచుతారు. అక్కడ అవి వేలెడు దాటి పెరగవు. వయసొస్తుంది గానీ ఒళ్ళు రాదు. ఆ తర్వాత పెద్ద చెరువులోకి వదిలితే ఆబగా తిని ఆర్నెల్లలో కేజీకి వస్తాయి. చిన్నప్పుడు గట్టు మీద కూర్చుని ఇదంతా చూసినవాణ్ణి. చేప ఎంత పెరగాలో నీళ్ళే చెబుతాయని నాకు పుట్టుకతో తెలుసు. మూడడుగుల పెట్టెలో పెడితే మూడడుగులకి తగ్గట్టే, ముద్దుగా అరచెయ్యంత దగ్గర ఆగిపోతుంది. ఇంతటి శాస్త్రం షాపతనికి ఏం తెలుస్తుంది?

పైగా లెక్కల మాస్టార్ని. మూడు ఇంటూ ఒకటి ఇంటూ ఒకటిన్నర, నాలుగున్నర ఘనపుటడుగులు, నూట పాతిక లీటర్ల పైచిలుకు నీళ్ళు. ఇంత చిన్న ప్రాణికి అన్ని నీళ్ళు! ఘనపరిమాణం తప్పలేదు. చేప తిరుగుతుందన్న సంగతి మాత్రం ఏ సూత్రంలోనూ లేదు.

తొట్టి ఇంటికొచ్చింది. మా ఆవిడ హాల్లో ఉన్న గోడని చూసింది, తొట్టిని చూసింది. "కిటికీకీ బీరువాకీ మధ్య ఇంత జాగా ఉంది గదండీ, ఇంకొంచెం పెద్దది తేవాల్సింది. గోడకి బొట్టు పెట్టినట్టుంది" అంది.

నాలుగు నెలలు బాగానే గడిచాయి. అరచెయ్యంత అయ్యింది. మా ఇంటికెవరొచ్చినా ముందు దాని నోరు చూపించేవాణ్ణి. రూప్‌చంద్‌కి అచ్చం మనిషి పళ్ళలాంటి పళ్ళుంటాయి, చదరంగా, తెల్లగా, వరసగా. వేరుశనగ కాయ వేస్తే పొట్టుతో సహా టక్కున కొరికేది. ఆ శబ్దం విన్నప్పుడల్లా నాలుకతో నా కట్టుడు పళ్ళు తడుముకునేవాణ్ణి. నా చేప మీద నాకే అసూయ పుట్టిందంటే మిగతావాళ్ళ సంగతి మీరే ఊహించుకోండి.

సరిగ్గా అప్పుడు గుడివాడ నుంచి ఫోనొచ్చింది.

"అన్నయ్యగారూ, ఎనిమిదడుగుల తొట్టి అనుకున్నదానికన్నా ముందే వచ్చేసిందండీ. అరోవానాని అందులోకి మార్చాను. పాతది, ఆరడుగులది, ఖాళీగానే ఉంది. మీ చేప పెరుగుతోందని వదినగారు చెప్పారు. మీకు పంపించమంటారా? బండి నేనే మాట్లాడతాను."

ఆరు నెలలుగా నా కడుపులో మండుతున్న తొట్టే అది. ఇప్పుడు దాన్ని 'పాతది' అంటున్నాడు. అతను వాడి వదిలేసిన దాని కోసం చెయ్యి చాచాలా? రేపు అవనిగడ్డలో, "మా చిన్నల్లుడుగారు పెద్దల్లుడుగారికి ఇచ్చారంట" అన్న మాట స్పీకర్‌లో వినాలా? కళ్ళెదురుగా కిటికీకీ బీరువాకీ మధ్య గోడ ఉంది. టేపు పెట్టి ఎప్పుడో కొలిచాను, ఏడడుగులు.

"అబ్బే, వద్దు తమ్ముడుగారూ" అన్నాను. "మా గోడ మూడడుగులే."

"అయ్యో, అవునా అండీ" అన్నాడు నమ్మేసి. వంటింటి గుమ్మంలో మా ఆవిడ గరిటె పట్టుకుని నిలబడి ఉంది. తర్వాత గోడ తుడుస్తూ, "ఏవిటో, ఎంత తుడిచినా అవ్వట్లేదు మూడడుగుల గోడ" అంది.

చేప ఆగలేదు. జానెడు దాటింది. దోసిట్లోకొచ్చిన చేపపిల్ల కమండలం పట్టక, చెరువు పట్టక పెరిగిపోయిన కథ చిన్నప్పుడు అందరం విన్నదే. అది దేవుడి లీల అనుకున్నాం గానీ రూప్‌చంద్ లీల అని ఎవరూ చెప్పలేదు. ఎనిమిదో నెలకి ముక్కు నుంచి తోక దాకా అడుగుకి కాస్త తక్కువ. తొట్టి వెడల్పు సరిగ్గా అడుగు. తిరగాలంటే ఒళ్ళు విల్లులా వంచి, తోకని గాజుకి రాసుకుంటూ, మూడు నాలుగు విడతల్లో తిరిగేది. కొన్నాళ్ళకి ఆ ప్రయత్నం కూడా మానేసి, ఇరుకు సందులో కారులాగా వెనక్కి రావడం నేర్చుకుంది. రోడ్డు మీద లారీ హారన్ మోగినా, హాల్లో తలుపు దడాలున పడినా బెదిరి, ముక్కుతో గాజుని ఢీకొట్టేది. పై పెదవి వాచింది. వాపు తెల్లబడింది. ఒకరోజు పొద్దున చూస్తే పెదవి చిట్లి, దూదిలాంటిదేదో వేలాడుతోంది. వేరుశనగ కాయ వేశాను. దగ్గరికొచ్చి, నోటితో తాకి, వదిలేసింది. రెండో రోజూ తినలేదు. మూడో రోజు అడుగున ఒక మూల ఒరిగి ఉంది.

చిన్నాన్నకి ఫోన్ చేశాను.

"చిన్నాన్నా, చిన్న నీళ్ళలో ఉంచితే చేప పెరగదు గదా?"

"పెరగదు."

"మరి నాది పెరుగుతోందే!"

"ఏం పెడతన్నావురా?"

"ఏదో... మేత గింజలు. అరటిపండు. దోసకాయ. వేరుశనగలు. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం."

"ఒరేయ్, నీళ్ళు తక్కువిచ్చి ఊరుకుంటే ఆగుద్దంట్రా? మేత కూడా కోసేస్తాం. చావకుండా, బతక్కుండా పెడతాం. మాస్టారు ఉద్యోగం నీకెవడిచ్చాడ్రా? పెట్టేది పెళ్ళి భోజనం, ఉంచేది సబ్బు పెట్టెలో!"

"మరి నాన్న ఉంచిన పిల్లలు..."

"మీ నాన్న ఉంచిన వాటిల్లో బతికినవే నువ్వు చూశావు. తెల్లారకముందే చచ్చిన వాటిని ఏరి అవతల పారేసేవాళ్ళం. నువ్వు అప్పుడు నిద్ర లేచేవాడివా?"

ఫోన్ పెట్టేశాక చాలాసేపు తొట్టి ముందు కూర్చున్నాను. నేను చేసిందేమిటో అప్పుడు విడివిడిగా కనపడింది. గుడివాడ చేప కన్నా నా చేప పుష్టిగా ఉండాలి, అందుకని మూడు పూటలా మేపాను. గుడివాడ తొట్టి నా ఇంటికి రాకూడదు, అందుకని ఈ పెట్టెలోనే ఉంచాను. పెరగమన్నదీ నేనే, చోటివ్వనిదీ నేనే. రెండు చేతులా అసూయే.

"చిన్నాన్న చెరువులో వదిలేద్దామా?" అన్నాను మా ఆవిడతో.

"వదలండి. వచ్చే పట్టుబడిలో తేలుద్ది. ఎవరింట్లోనో పులుసౌద్ది" అంది. తర్వాత నా ఫోన్ తెచ్చి ఒళ్ళో పెట్టింది. "అడగండి. ఏం పోతది?"

తెలుగులో అడుగు అంటే కొలత. అడుగు అంటే అర్థించు అని కూడా. మొదటిది పాతికేళ్ళుగా పిల్లలకి చెబుతున్నాను. రెండోదానికి నాకే ట్యూషన్ కావాలి. ఫోన్ కలిపి, బాగున్నారా అన్నాను, వ్యాపారం ఎలా ఉంది అన్నాను, ఎండలన్నాను. నీళ్ళు నమలడంలో చేపలు నా ముందు చాలవు. చివరికి, "తమ్ముడుగారూ, ఆ ఆరడుగులది... ఉందా, ఎవరికన్నా ఇచ్చేశారా?" అన్నాను.

"ఉందండీ. నీళ్ళు తిరుగుతూనే ఉన్నాయి. ఎందుకో ఆపబుద్ధి కాలేదు. కానీ అన్నయ్యగారూ, మీ గోడ మూడడుగులే కదండీ?"

ఎగతాళి చేస్తున్నాడేమోనని చెవి రిక్కించి విన్నాను. లేదు. అతను నిజంగానే నా గోడ గురించి దిగులు పడుతున్నాడు.

"ఏడడుగులు" అన్నాను.

"అండీ?"

"గోడ ఏడడుగులండీ. అప్పుడు అబద్ధం చెప్పాను."

ఎందుకని అడుగుతాడనుకున్నాను. అతను మాత్రం, "చేప తింటోందా అండీ?" అన్నాడు.

"మూడు రోజులైంది."

"అయితే తొట్టి మీ దగ్గరికి మార్చే టైం లేదు. మారిస్తే నీళ్ళు మళ్ళీ కుదురుకోవడానికి నెల పడుద్ది. మీరే దాన్ని తీసుకొచ్చెయ్యండి. పుండు మానేదాకా ఇక్కడుంచుదాం. ఆ తర్వాత తొట్టితో సహా తీసుకెళ్దురుగాని. ఇప్పుడే బయల్దేరండి, ఎండ ఎక్కకముందే."

ట్రాలీ ఆటో మాట్లాడి, నీలం డ్రమ్ములో తొట్టి నీళ్ళే సగానికి పోసి, చేపని తడి తువ్వాలుతో ఎత్తి అందులో వదిలాను. బ్యాటరీతో నడిచే గాలి గొట్టం పెట్టాను. డ్రమ్ము పక్కనే నేనూ కూర్చున్నాను. స్కూలుకి సెలవు చీటీలో 'ఇంట్లో ఒకరికి ఒంట్లో బాగోలేదు' అని రాశాను. జీవితంలో నేను రాసిన సెలవు చీటీల్లో ఇదొక్కటే నిజమైనది.

గూడూరు దాటేదాకా బాగానే ఉంది. పామర్రు సెంటర్లో బస్సులు అడ్డం పడి ఆటో ఆగింది. పక్కన కొబ్బరిబొండాల బండి దగ్గరున్న పెద్దాయన డ్రమ్ములోకి తొంగి చూశాడు.

"కేజీ ఎంతకిస్తన్నారండీ?"

"అమ్మేది కాదండీ."

"ఎవరికన్నా పట్టుకెళ్తన్నారా? ఒక్కటేనా?" ఇంకొకాయన వచ్చి చూశాడు. "మంచి సైజు బావా. కేజీ పైనే ఉంటది."

"పెంచుకునేదండీ" అన్నాను. "ఒంట్లో బాగోక గుడివాడ తీసుకెళ్తున్నాను."

ఇద్దరూ నన్ను చూశారు, డ్రమ్ముని చూశారు, ఒకర్నొకరు చూసుకున్నారు. "రూప్‌చంద్‌ని ఆస్పత్రికా!" అని పెద్దాయన పొట్ట పట్టుకుని నవ్వాడు. ఇంకొకాయన మాత్రం నవ్వాపుకుని, "నీడన పెట్టుకోండి మరి, నీళ్ళు కాగుతయ్" అని తన తలపాగా తడిపి డ్రమ్ము మీద సగం కప్పి వెళ్ళిపోయాడు.

గుడివాడ చేరేసరికి మా తోడల్లుడు దుకాణం వదిలేసి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఇద్దరం డ్రమ్ము మోశాం. చెంబుతో అతని తొట్టి నీళ్ళు తోడి, కొంచెం కొంచెంగా నా డ్రమ్ములో పోశాడు, చేపకి కొత్త నీళ్ళు అలవాటు కావాలట. అరగంట అలా తోడుతూనే ఉన్నాడు. తోడల్లుడన్న మాటకి అర్థం ఇదేనేమో అనిపించింది. ఆ మాట బయటికి అనలేదు. ఆ రోజు జోకులు నా వంతు కాదు.

చేపని వదిలాం. ఆరడుగుల పొడుగు, రెండడుగుల వెడల్పు. అది మెల్లగా ముందుకి కదిలింది. సరిగ్గా మధ్య దాకా వెళ్ళి, టక్కున ఆగింది. అక్కడ గాజు లేదు. అయినా ఆగి, తిరక్కుండా, మా తొట్టిలో అలవాటైన పద్ధతిలో వెనక్కి వచ్చేసింది. మళ్ళీ వెళ్ళింది, మూడడుగుల దగ్గర ఆగింది, వెనక్కి వచ్చింది. పది సార్లు చూశాను. అవతలి మూడడుగుల నీళ్ళు ఖాళీగా, నిశ్చలంగా ఉన్నాయి. పక్క గోడకి ఎనిమిదడుగుల తొట్టిలో అరోవానా రిబ్బను విప్పినట్టు ఆ చివర్నుంచి ఈ చివరికి తిరుగుతోంది. దాన్ని చూడలేక మొహం తిప్పుకున్నాను.

"అటువైపు వెళ్తేనే గానీ భయం పోదండీ" అన్నాడు మా తోడల్లుడు. మరదలు అరటిపండు తెచ్చి రెండు ముక్కలు చేసి మాకు చెరొకటి ఇచ్చింది. అతను తొట్టి అవతలి చివర మోకాళ్ళ మీద కూర్చుని ముక్కని నీళ్ళలో పట్టుకున్నాడు. నేను ఇవతలి చివర నా ముక్క పట్టుకున్నాను. ఎందుకు పట్టుకున్నానంటే, అది ఎనిమిది నెలలు నా చేతిలో తిన్న చేప. ఇప్పుడు నోరు విప్పితే నా చేతికే విప్పాలి.

చేప నా ముక్క వాసన పట్టింది. మెల్లగా నావైపు తిరిగింది. నా గుండె పొంగింది. మరదలు, "చూశావా బావా, నిన్ను గుర్తుపట్టింది" అంది. అతను మాత్రం అవతల చెయ్యి కదపకుండా చూస్తున్నాడు. నా దగ్గరికొస్తే అది తింటుంది, కానీ ఈ మూడడుగుల్లోనే తింటుంది. రేపూ ఇక్కడే తిరుగుతుంది, ఇక్కడే వెనక్కి నడుస్తుంది.

నా చెయ్యి నీళ్ళలోంచి తీసేశాను.

అది కాసేపు నా చెయ్యి ఉన్న చోటే వెతికింది. తర్వాత మధ్య దాకా వెళ్ళింది. ఆగింది. రెక్కలు మాత్రం ఆడిస్తూ అక్కడే నిలబడింది. అవతల అరటిపండు వాసన. చిట్లిన పెదవి ఒకసారి తెరిచి మూసింది. ఇంకో జానెడు ముందుకి. ఇంకో జానెడు. తర్వాత ఒక్క ఊపున అవతలి చివరిదాకా వెళ్ళి, అతని వేళ్ళ మధ్య ముక్కని ఆ పళ్ళతో అందుకుని, ఒళ్ళు వంచకుండా, తోక దేనికీ తగలకుండా, నిండుగా ఒక చుట్టు తిరిగింది.

మరదలు చప్పట్లు కొట్టింది. అతను నావైపు చూసి, "తింది అన్నయ్యగారూ, తిరిగింది!" అన్నాడు, చెమర్చిన కళ్ళతో.

"చూశాను తమ్ముడుగారూ" అన్నాను. నా చేతిలో మిగిలిన అరటిపండు ముక్క నేనే తినేశాను.